వాట్సాప్‌లో వచ్చిన లోగో ఫ్లెక్సీకి పనికిరావాలంటే: బొమ్మ పగలకుండా సైజు మార్చడం ఎలా?

ఒక టిఫిన్ సెంటర్ లోగో అనుకుందాం. ఎర్రటి వలయం, లోపల పసుపు, మధ్యలో పొగలు కక్కే ఇడ్లీ పాత్ర, కింద తెలుగులో పేరు. మీ చేతిలో ఉన్నది వాట్సాప్‌లో వచ్చిన 640 పిక్సెళ్ల వెడల్పు జేపీజీ ఒక్కటే. దాన్ని విజిటింగ్ కార్డు మీద వేయాలి, సెల్‌ఫోన్ ఐకాన్‌గా పెట్టాలి, 10 అడుగుల ఫ్లెక్సీ మీదా వేయాలి. మూడింటికీ చేసే పని ఒకటి కాదు. కార్డుకి ఉన్న ఫైలే సరిపోవచ్చు. సెల్‌ఫోన్ ఐకాన్లకి చిన్నది చేసుకోవాలి. ఫ్లెక్సీకి మాత్రం మళ్లీ గీయాల్సిందే. ఏది దేనికో తేల్చుకోకుండా మూల పట్టుకుని లాగేస్తే బొమ్మ పగిలిపోతుంది.

ముందు చేతిలో ఉన్నదేమిటో చూడండి

లోగో ఫైళ్లు రెండు జాతులు. జేపీజీ, పీఎన్‌జీ, వెబ్‌పీ లాంటివి గళ్ల బొమ్మలు. గళ్ల నోటుపుస్తకంలో గడికో రంగు నింపినట్టు ఉంటాయి, ఆ గడినే పిక్సెల్ అంటారు. ఎన్ని గళ్లుంటే అంతే వివరం. వాటిని సాగదీస్తే మధ్యలో పుట్టే కొత్త గళ్లకు పక్క గళ్ల రంగు కలిపి పూయడమే తప్ప సాఫ్ట్‌వేర్ చేయగలిగింది లేదు, అందుకే మసక. ఎస్‌వీజీ, సీడీఆర్, ఏఐ, ఈపీఎస్ వెక్టార్ జాతి. ఇక్కడ గళ్లుండవు. ఏ బిందువు నుంచి ఏ బిందువుకి ఎంత వంపుతో గీత వెళ్లాలో ఆ లెక్క మాత్రమే ఉంటుంది. సైజు మార్చిన ప్రతిసారీ కంప్యూటర్ ఆ లెక్కతో కొత్తగా గీస్తుంది కాబట్టి రబ్బరు స్టాంపు మీదైనా, బస్సు పక్కనైనా అంచు ఒకేలా ఉంటుంది. పీడీఎఫ్‌లో రెండు రకాలూ ఉండొచ్చు.

ఫైలు పేరు చివరున్న మూడక్షరాలను నమ్మకండి. జేపీజీని తెచ్చి డీటీపీ షాపుల్లో వాడే డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరల్‌డ్రా పేజీలో పడేసి సేవ్ చేసినా సీడీఆరే అవుతుంది, లోపలున్నది అదే గళ్ల బొమ్మ. తెరిచి 1600 శాతానికి పైగా జూమ్ చేయండి. అంచు మెట్లు మెట్లుగా కనిపిస్తే గళ్లు, కత్తితో కోసినట్టుంటే వెక్టార్. కోరల్‌డ్రాలో వ్యూ మెనూకి వెళ్లి వైర్‌ఫ్రేమ్ నొక్కితే ఇంకా త్వరగా తేలుతుంది. వెక్టార్ అయితే ఒట్టి గీతలు మిగులుతాయి, గళ్ల బొమ్మ అయితే రంగు పోయి బొమ్మ అలాగే నిలబడుతుంది. ఎస్‌వీజీ మీద అనుమానముంటే నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అర్థంపర్థంలేని అక్షరాలు పేజీలకు పేజీలు ఖాళీ లేకుండా సాగిపోతుంటే లోపల ఎవరో పీఎన్‌జీని కుక్కారన్నమాట. ఆన్‌లైన్‌లో ఒక్క క్లిక్కుతో ఎస్‌వీజీ చేసిపెడతామనే సైట్లలో కొన్ని చేసేది ఇదే.

ఎన్ని పిక్సెళ్లు కావాలి

అచ్చయ్యే వెడల్పు అంగుళాల్లో తీసుకుని డీపీఐతో, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలన్న అంకెతో, గుణిస్తే కావాల్సిన పిక్సెళ్లు వస్తాయి. చేత్తో పట్టుకుని చూసే కార్డు, కరపత్రం, లెటర్‌హెడ్‌లకు 300 డీపీఐ లెక్క. ఫ్లెక్సీకి అసలు సైజులో 72 ఉంటే బాగానే వస్తుంది, దూరం నుంచి చూసేది కాబట్టి.

మూడున్నర అంగుళాల కార్డు మీద లోగో ఒక అంగుళం ఉంటుంది. అంటే 300 పిక్సెళ్లు. మన 640 దానికి చాలు, దాన్ని పెద్దది చేయాలని చూడకండి. అదే లోగో ఫ్లెక్సీ మీద 3 అడుగులుంటే 36 అంగుళాలు, 72తో గుణిస్తే 2592 పిక్సెళ్లు. 640తోనే సరిపెడితే అంగుళానికి 18 గళ్లు కూడా రావు, ఒక్కో గడి దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్. రోడ్డు అవతలి నుంచి ఓ మాదిరిగా కనిపించినా, కౌంటర్ వెనక గోడకి కడితే ఇడ్లీ తినేవాళ్లు ఆ గళ్లు లెక్కపెట్టవచ్చు.

ఇక్కడొక మెలిక ఉంది. చాలా డీటీపీ షాపుల్లో పేజీ పెద్దదైతే పని నెమ్మదిస్తుందని అడుగుకి అంగుళం చొప్పున 10×4 అంగుళాల పేజీలో ఫ్లెక్సీ డిజైన్ చేస్తారు. ఆ పేజీలో లోగో వెడల్పు 3 అంగుళాలే, కాబట్టి బొమ్మను ఎంచుకుంటే కోరల్‌డ్రా కింద 213 డీపీఐ అని చూపిస్తుంది. చూసి సంబరపడకండి, దాన్ని 12తో భాగించాలి. అలాంటి పేజీలో 72కి సమానమైన అంకె 864.

ఇంకో మోసం ఫోటోషాప్‌లో. ప్రింటింగ్ ప్రెస్ వాళ్లు 300 డీపీఐ ఫైలు అడిగారని ఇమేజ్ సైజ్ పెట్టె తెరిచి 72 ఉన్నచోట 300 అని కొట్టేస్తారు. రీశాంపుల్ (పిక్సెళ్ల సంఖ్య మార్చే ఆప్షన్) టిక్ ఉండగా అలా చేస్తే 640 పిక్సెళ్లు 2667 అవుతాయి, ఫైలు బరువెక్కుతుంది, బొమ్మ మాత్రం అదే మసక. రీశాంపుల్ టిక్ తీసేసి కొట్టి చూడండి. పిక్సెళ్లు కదలవు, వెడల్పు అంకె మాత్రం 2.13 అంగుళాలకు దిగుతుంది. 300 డీపీఐలో మీ ఫైలు నిజంగా అచ్చువేయగలిగిన వెడల్పు అదే.

చిన్నది చేయడం

చిన్నది చేయడంలో వివరం పోతుంది కానీ నాణ్యత పోనక్కర్లేదు. ఉచితంగా దొరికే గింప్‌లో ఇలా చేయండి.

అసలు ఫైలుకి ముందు నకలు తీసుకోండి. నకలు తెరిచాక ఇమేజ్ మెనూలో మోడ్ చూడండి. ఇండెక్స్‌డ్ అని ఉంటే ఆర్‌జీబీకి మార్చండి. గిఫ్ ఫైళ్లు, కొన్ని పీఎన్‌జీలు ఇండెక్స్‌డ్‌లో ఉంటాయి. వాటిలో రంగులు పరిమితం కాబట్టి గింప్ మధ్యరంగులు కలపలేదు, చిన్నది చేయగానే అంచులు రంపంలా వస్తాయి. ఎన్ని సెట్టింగులు మార్చినా బాగుపడటం లేదని తలపట్టుకునేవాళ్లలో చాలామంది సంగతి ఇదే.

తర్వాత అదే మెనూలో స్కేల్ ఇమేజ్. వెడల్పు కొట్టండి. పక్కనున్న గొలుసు బొమ్మ కలిసే ఉండాలి, తెగి ఉంటే వలయం కోడిగుడ్డవుతుంది. ఇంటర్‌పొలేషన్ (కొత్త గళ్ల రంగు లెక్కగట్టే పద్ధతి) దగ్గర క్యూబిక్ గానీ నోహాలో గానీ పెట్టండి, నన్ మాత్రం వద్దు. ఫోటోషాప్‌లోనైతే రీశాంపుల్ దగ్గర బైక్యూబిక్ షార్పర్. ఆ తర్వాత ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ యాజ్ ద్వారా పీఎన్‌జీగా తీసుకోండి. గింప్‌లో ఉత్త సేవ్ కొడితే వచ్చే ఎక్స్‌సీఎఫ్ ఫైలు ఫోన్‌లో తెరుచుకోదు.

ఎప్పుడూ అసలు నుంచే దిగండి. 2000 నుంచి 800, ఆ 800 నుంచి 512, దాని నుంచి 180 అని మెట్లు దిగుతూ పోతే మెట్టుకింత మసక చేరుతుంది. ఇక 180కి దించి సేవ్ చేసినదాన్ని మళ్లీ 2000కి ఎక్కించడమంటే పిండిచేసిన బియ్యాన్ని తిరిగి గింజలు చేయడం.

తరచుగా అవసరమయ్యే సైజులు: యూట్యూబ్ ఛానల్ బొమ్మకి 800×800, ప్లేస్టోర్ ఐకాన్‌కి 512×512, ఐఫోన్ హోమ్‌స్క్రీన్ ఐకాన్‌కి 180×180, బ్రౌజర్ ట్యాబ్ మీద కనిపించే ఫేవికాన్‌కి 32, 16. వెబ్‌సైటులో లోగో 200 పిక్సెళ్ల వెడల్పున కనిపించాలంటే 400 పిక్సెళ్ల ఫైలు పెట్టండి. ఇప్పటి ఫోన్ల తెరలు ఒక్కో పిక్సెల్ చోట రెండో మూడో చుక్కలు వెలిగిస్తాయి, సరిగ్గా 200 పెడితే అక్కడ మసకగా కనిపిస్తుంది.

ప్రొఫైల్ బొమ్మల్ని చాలాచోట్ల గుండ్రంగా కత్తిరిస్తారు. చతురస్రపు లోగో మూలలు తెగకూడదంటే మొత్తం వెడల్పులో 70 శాతం లోపల ఉండాలి. 800 పిక్సెళ్ల కాన్వాసులో దాదాపు 560. మిగతాది నేపథ్యం రంగుతో నింపండి.

తెలుగు పేరున్న లోగోకి చిన్న సైజుల్లో ప్రత్యేకమైన కష్టముంది. ఇంగ్లిష్ పెద్దక్షరాలు ఒకే ఎత్తులో ఉంటాయి. తెలుగులో పైన గుడిదీర్ఘం, కింద ఒత్తు రెండూ ఉండే అక్షరం మూడంతస్తుల మేడ. 64 పిక్సెళ్ల ఐకాన్‌లో పేరుకి దక్కే ఎత్తు 12 పిక్సెళ్లనుకుంటే ఒత్తుకి మిగిలేవి మూడో నాలుగో. 'ద'కీ 'ధ'కీ తేడా చూపే చిన్న గీత, సున్న మధ్యలోని ఖాళీ పూడుకుపోతాయి. దీనికి ఏ ఇంటర్‌పొలేషనూ మందు కాదు. చిన్న సైజులకు పేరు తీసేసి గుర్తు ఒక్కటే ఉంచండి, లేదా పేరులోని మొదటి అక్షరం పెద్దగా పెట్టండి. పొగ గీతలు మూడుంటే ఒకటి చేయండి, మందం పెంచండి.

పెద్దది చేయాలంటే ముందు వేట

గీయడానికి కూర్చునే ముందు అసలు వెక్టార్ ఎక్కడో ఉందేమో వెతకండి. మొదట లోగో చేసిన డిజైనర్‌ని సీడీఆర్ అడగండి. పాత బోర్డు, శుభలేఖలు, బిల్లుబుక్కులు వేసిన షాపులోనూ అడగవచ్చు. వ్యాపారం తాలూకు పాత పీడీఎఫ్‌లు వెతకండి: మెనూకార్డు, కొటేషన్, లెటర్‌హెడ్. వాటిని కోరల్‌డ్రా నుంచి పీడీఎఫ్ చేసి ఉంటే లోగో వెక్టార్‌గానే మిగిలి ఉండే అవకాశం ఎక్కువ. ఆ పీడీఎఫ్‌ని ఉచితంగా దొరికే వెక్టార్ సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో తెరిచి, అన్‌గ్రూప్ చేసి, లోగో ముక్కలు ఏరుకుని కొత్త ఫైలులో పెట్టుకోండి. అరగంట పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

దొరకలేదు, చేతిలో 640 ఒక్కటే ఉంది. ఒకటిన్నర రెట్ల వరకూ ఫోటోషాప్‌లో ప్రిజర్వ్ డీటెయిల్స్ 2.0తో, గింప్‌లో క్యూబిక్‌తో లాగితే సర్దుకోవచ్చు. అంతకు మించితే వద్దు. కృత్రిమ మేధతో పెంచే సాధనాలు ఇడ్లీ పాత్రను చక్కగానే పెంచవచ్చు, తెలుగు అక్షరాల దగ్గరే ప్రమాదం. మసకగా ఉన్న ఒత్తుని అవి చదవవు, ఊహిస్తాయి. అంచులు నిగనిగలాడుతూ భాషలో లేని వంకర ఒకటి వచ్చి కూర్చుంటుంది. తళతళ చూసి మురిసిపోయి అక్షరం సరిచూసుకోకపోవడం మామూలే.

మళ్లీ గీయడం: ఇంక్‌స్కేప్‌లో ట్రేస్

ట్రేస్ అంటే గళ్ల బొమ్మ అంచుల వెంట సాఫ్ట్‌వేర్ వెక్టార్ గీతలు గీయడం.

1. ముందు గింప్‌లో బొమ్మను సిద్ధం చేయండి. క్యూబిక్‌తో 4 రెట్లు పెంచండి, 640 కాస్తా 2560 అవుతుంది. మసకగానే ఉంటుంది, పర్వాలేదు. ఫిల్టర్లలో గాసియన్ బ్లర్ 3 పిక్సెళ్లు వేయండి. పగిలిన బొమ్మకి ఇంకా మసక ఏమిటనిపిస్తుంది. జేపీజీ బొమ్మను 8×8 పిక్సెళ్ల దిమ్మెలుగా నలగ్గొడుతుంది, అందుకే అక్షరాల చుట్టూ మురికి చుక్కలుంటాయి. ఆ మురికినీ, మెట్లనీ బ్లర్ తుడిచేస్తుంది. తర్వాత కలర్స్ మెనూలో లెవెల్స్ తెరిచి నలుపు, తెలుపు త్రికోణాలను మధ్యకి దగ్గరగా జరపండి, అంచు మళ్లీ బిగుస్తుంది. రంగులెక్కువున్న లోగోలో లెవెల్స్‌తో రంగులు చెడిపోతాయి, అక్కడ బ్లర్‌తో ఆపేయండి.

2. పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేసి ఇంక్‌స్కేప్‌లోకి తెచ్చుకోండి. బొమ్మను ఎంచుకుని పాత్ మెనూలో ట్రేస్ బిట్‌మ్యాప్.

3. ఒకే రంగు లోగో అయితే సింగిల్ స్కాన్‌లో బ్రైట్‌నెస్ కటాఫ్. థ్రెషోల్డ్ 0.45 దగ్గర మొదలుపెట్టి జరుపుతూ ప్రివ్యూ చూడండి. పెంచితే అక్షరాలు లావవుతాయి, తగ్గిస్తే చిక్కుతాయి. రంగులున్న లోగోకి మల్టీకలర్ ట్యాబ్‌లో కలర్స్. స్కాన్లు ఎన్ని రంగులుంటే అన్నే. మన లోగోలో ఎరుపు, పసుపు, నలుపు, వెనక తెలుపు, కాబట్టి 4. ఉన్నచోటున 8 వదిలేస్తే ఎరుపుకీ పసుపుకీ మధ్య నారింజ అంచు ఒకటి విడి ముక్కగా పుడుతుంది. స్టాక్ టిక్ ఉంచండి, తీసేస్తే రంగుల సరిహద్దుల్లో సన్నటి తెల్ల సందులు మిగిలి ఫ్లెక్సీ మీద బయటపడతాయి.

4. స్పెకిల్స్ అంకె 20 దాకా పెంచితే చిన్న మచ్చలు పోతాయి. మరీ పెంచితే సున్న లోపలి ఖాళీని కూడా మచ్చ అనుకుని పూడ్చేస్తుంది.

5. అప్లై నొక్కాక ఏమీ జరగనట్టే ఉంటుంది. ట్రేస్ సరిగ్గా అసలు బొమ్మ మీదే కూర్చుంటుంది మరి. పైదాన్ని పక్కకి లాగి, కింద స్టేటస్ బార్‌లో ఇమేజ్ అని ఉన్నదాన్ని తీసేయండి. కంగారులో ట్రేస్‌నే తీసేసి పాత జేపీజీని ఎస్‌వీజీగా సేవ్ చేసుకోవడం కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు.

6. ఇక శుభ్రం చేయడం. అసలు పని ఇదే, ఇక్కడ బద్ధకించకండి. ఎన్ నొక్కి నోడ్లు, అంటే గీతను పట్టి ఉంచే బిందువులు, చూడండి. వలయం మీద అరవై నోడ్లుంటే అది వలయం కాదు, గతుకుల రోడ్డు. దాన్ని తీసేసి వృత్తం సాధనంతో కంట్రోల్ పట్టుకుని కొత్తది గీయండి. సరళరేఖలూ అంతే. వంపులున్నచోట కంట్రోల్ ఎల్ ఒకసారి నొక్కితే నోడ్లు తగ్గుతాయి, రెండుమూడుసార్లు నొక్కితే ఆకారం కరిగిపోతుంది. ట్రేస్ ఇచ్చిన రంగులు కూడా కాస్త మురిగ్గా ఉంటాయి, అసలు ఎరుపు, అసలు పసుపు మీరే నింపండి.

అసలు ఫైలు లేక పాత లెటర్‌హెడ్ మాత్రమే ఉంటే 600 డీపీఐకి తక్కువ కాకుండా స్కాన్ చేయండి. రంగుల అచ్చు అయితే దగ్గరగా చూసినప్పుడు చుక్కల అల్లిక కనిపిస్తుంది, ఆ చుక్కలు కలిసిపోయే దాకా బ్లర్ వేశాకే ట్రేస్ చేయాలి.

పేరును ట్రేస్ చేయకండి, టైప్ చేయండి

ట్రేస్ చేసిన తెలుగు అక్షరం తలకట్టు దగ్గర ఉబ్బుతుంది, ఒత్తు అక్షరానికి అతుక్కుపోతుంది. ఫాంట్ ఏదో గుర్తుపట్టి మళ్లీ టైప్ చేసుకుంటే ఆ తలనొప్పి ఉండదు. తెలుగు డీటీపీలో అను ఫాంట్ల వాడకం ఎక్కువ కాబట్టి పాత బోర్డుల లోగో అయితే ముందు అక్కడే వెతకండి. యూనికోడ్‌లో (అన్ని కంప్యూటర్లూ తెలుగుగానే గుర్తించే పద్ధతిలో) కావాలంటే రామభద్ర, మల్లన్న, మండలి, ఎన్‌టీఆర్ లాంటివి ఉచితంగా దొరుకుతాయి.

టైప్ చేశాక దాన్ని అక్షరాలుగా వదలకండి. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే మీ టిఫిన్ సెంటర్ పేరు చోట ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు కలిసిన గందరగోళం కనిపిస్తుంది. యూనికోడ్ ఫాంట్ అయితే చదవగలిగేలా ఉంటుంది కానీ వేరే ఫాంట్‌లోకి మారిపోతుంది. కోరల్‌డ్రాలో కంట్రోల్ క్యూ నొక్కి కర్వ్స్ చేయండి. ఇంక్‌స్కేప్‌లో షిఫ్ట్ కంట్రోల్ సీ, ఇల్లస్ట్రేటర్‌లో షిఫ్ట్ కంట్రోల్ ఓ. కర్వ్స్ చేశాక పేరు దిద్దలేరు కాబట్టి టైప్ చేసిన ఫైలు ఇంకొకటి పక్కన దాచుకోండి.

లాగినప్పుడు గీత మందం

వెక్టార్‌ని ఎంతైనా లాగవచ్చన్నది నిజమే, ఒక్క గీతల దగ్గర తప్ప. వలయం 2 పాయింట్ల అవుట్‌లైన్ అనుకోండి. లోగోని 20 రెట్లు పెంచినా ఆ అవుట్‌లైన్ 2 పాయింట్ల దగ్గరే ఉండిపోతే, 3 అడుగుల లోగో చుట్టూ దారప్పోగులా మిగులుతుంది. చిన్నది చేస్తే దీనికి రివర్సు, గీత లావై లోపలిదంతా మింగేస్తుంది. కోరల్‌డ్రాలో ఎఫ్12 నొక్కితే వచ్చే పెట్టెలో స్కేల్ విత్ ఆబ్జెక్ట్ టిక్ పెట్టండి, పాత వెర్షన్లలో అది స్కేల్ విత్ ఇమేజ్ అని ఉంటుంది. ఇల్లస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్‌లో స్కేల్ స్ట్రోక్స్ అండ్ ఎఫెక్ట్స్. ఇంక్‌స్కేప్‌లో ఎంపిక బాణం పట్టుకున్నప్పుడు పైన వచ్చే బటన్లలో దీనికొకటి ఉంది. హెయిర్‌లైన్ (వెంట్రుకంత సన్నటిది) అని పెట్టిన గీతల్ని లోగోలో ఉంచకండి. తెర మీద కనిపిస్తుంది, అచ్చులో ఉందో లేదో తెలియదు.

పంపేటప్పుడు

ఇంత చేసి ఆ పీఎన్‌జీని వాట్సాప్‌లో ఫొటోగా పంపితే మళ్లీ మొదటికొస్తుంది. అది జేపీజీగా మారి, సైజు తగ్గి, పారదర్శకమైన నేపథ్యం నల్లగానో తెల్లగానో అయిపోయి అవతలికి చేరుతుంది. అటాచ్ గుర్తు నొక్కి డాక్యుమెంట్‌గా పంపండి, ఉన్నదున్నట్టు వెళ్తుంది. ఎంఎస్ వర్డ్‌లో లోగో పెడుతుంటే ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్‌కి వెళ్లి, ఫైలులోని బొమ్మల్ని కుదించవద్దన్న టిక్ ముందే పెట్టండి.

ఎక్కడైనా జేపీజీయే కావాలంటే గింప్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు క్వాలిటీ 90కి పైన, అడ్వాన్స్‌డ్‌లో సబ్‌శాంప్లింగ్ 4:4:4 ఎంచుకోండి. మామూలుగా జేపీజీ రంగుల సమాచారాన్ని వెలుగు సమాచారం కంటే తక్కువ పిక్సెళ్లలో దాస్తుంది. ఫొటోల్లో అది కంటికి దొరకదు. పసుపు మీద ఎర్రక్షరాల్లో మాత్రం వెంటనే దొరుకుతుంది, మన బోర్డులు సగం ఆ రంగులే కదా.

ప్రింటింగ్ షాపుకి పీడీఎఫ్, దానితోపాటు వాళ్లు వాడే సీడీఆర్ వెర్షన్ అడిగి ఆ వెర్షన్‌లో సేవ్ చేసినదీ ఇవ్వండి. కొత్త వెర్షన్ ఫైలు పాత కోరల్‌డ్రాలో తెరుచుకోదు. అచ్చుకి ముందు ఇంకొకటి: లోగోలో పేరున్న భాగం ఏ4 కాగితమంత కత్తిరించి, అసలు సైజులో, అంటే 100 శాతంలో, మామూలు ప్రింటర్ మీద ఒక కాపీ తీయండి. అడుగుకి అంగుళం చొప్పున డిజైన్ చేసి ఉంటే 1200 శాతం. గోడకి అంటించి నాలుగడుగుల దూరం నుంచి ఒత్తులూ, వలయం అంచూ చూడండి. గరుకు కనిపించినచోట నోడ్లు సరిచేసి మళ్లీ ఒక కాగితం తీయండి.